బుచ్చమ్మ పూనా వెళ్ళాక

మా మావయ్య రాజమండ్రిలో తెలుగు లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. కథలు రాస్తాడు. రాసినవి తక్కువే గానీ ఒక్కో కథనూ ఏళ్ళ తరబడి చెక్కుతాడు. నాది మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం. తీరిక దొరికితే ఫ్యాన్ ఫిక్షన్ చదువుతాను, రాస్తాను. ఇంకొకరు సృష్టించిన పాత్రల్ని తీసుకుని, వాళ్ళు చెప్పకుండా వదిలేసిన కథ చెప్పడమన్నమాట. డబ్బు రాదు, పుస్తకంగా రాదు, అసలు పేరు కూడా వేసుకోను. ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ మావయ్యకూ నాకూ పేచీ. వేర్వేరు రోజుల్లో నడిచిన మాటల్ని ఇక్కడ ఒకచోట చేర్చాను. ఆయన వాదాన్ని ఎక్కడా పలుచన చేయలేదు. ఎదుటివాడి మాట గట్టిగా నిలబడితేనే నా మాటకూ బలం.

మావయ్య: ముందు ఒక్కటి చెప్పు. నీకు కథ నడపడం వచ్చు. వాక్యం కుదురుగా ఉంటుంది. అలాంటిదానివి ఆ ఇంగ్లీషు మంత్రగాళ్ళ పుస్తకం పట్టుకుని వేలాడ్డం దేనికి? మన వీధిలో మనుషులు కరువయ్యారా?

నేను: కరువేం లేదు మావయ్యా. నేను రాయడం మొదలుపెట్టింది ఒక పెట్టె మూలాన. హ్యారీ పాటర్ మూడో పుస్తకం 1999లో వచ్చింది. అందులో రీమస్ లూపిన్ అనే మేష్టారు మొదటిసారి కనిపించేది రైల్లో. నిద్రపోతూ ఉంటాడు. ఒంటి మీద మాసికలు పడ్డ అంగీ, చిన్నవయసే అయినా అక్కడక్కడా నెరిసిన జుట్టు. పైన సామాన్ల అరలో ఆయన పెట్టె. చిన్నది, పాతది, ఊడిపోకుండా పురికొస చుట్టి పొందిగ్గా ముడులు వేసి ఉంటుంది. దాని మూల మీద ప్రొఫెసర్ ఆర్.జె. లూపిన్ అని అచ్చొత్తిన అక్షరాలు పెచ్చులూడుతూ ఉంటాయి. అది చదివే పిల్లలు ఆయన పేరు తెలుసుకుంటారు.

మావయ్య: బావుంది. రచయిత్రికి కన్నుంది. అయితే?

నేను: ఆయన ఆ బడికి కొత్త మేష్టారు. పౌర్ణమికి తోడేలుగా మారే జబ్బు మనిషి. దాని మూలాన పని ఇచ్చే నాథుడే దొరకలేదని ఆ పుస్తకమే చెబుతుంది. అంతకుముందు ఎక్కడా పాఠం చెప్పిన దాఖలా లేదు. మరి ప్రొఫెసర్ అన్న అక్షరాలు అప్పటికే పెచ్చులూడేంత పాతబడ్డం ఎలా? ఆ మాట ఎవరు వేయించారు? ఎప్పుడు?

మావయ్య: రచయిత్రి చూసుకుని ఉండదు. బీదతనం చూపించాలని పెచ్చులు ఊడగొట్టింది, ఉద్యోగం కొత్తదన్న సంగతి మరిచింది.

నేను: కావచ్చు. కానీ చాలామంది పాఠకులు సరిగ్గా ఆ అక్షరాల దగ్గరే ఆగిపోయారు. తలా ఒక జవాబు రాశారు. నా కథలో ఆ పెట్టె, చదువు ముగిసిన రోజున ముగ్గురు స్నేహితులు చందా వేసుకుని కొనిచ్చింది. పరీక్షలప్పుడు వాళ్ళని కూర్చోబెట్టి చదివించేవాడు కాబట్టి ప్రొఫెసర్ అని వేయించారు. ఆ తర్వాత మూడేళ్ళకి, 1981లో, ఒకడు హతుడయ్యాడు. ఇంకొకడు చనిపోయాడని అందరూ నమ్మారు. మూడోవాడు ఆ నేరాల మీద జైలుకి పోయాడు. ఇతను మాత్రం పన్నెండేళ్ళు ఆ పెట్టెతో ఊళ్ళు తిరిగాడు. పని అడగడానికి ఎక్కడికెళ్ళినా అక్షరాలున్న వైపుని కాలికి ఆనించి పట్టుకునేవాడు, ఎవరికీ కనపడకుండా. అంతే కథ.

మావయ్య: కాలికి ఆనించుకోవడం బావుంది. అది నీది. అందుకే నాకు ఒళ్ళు మండుతోంది. తోడేలు జబ్బు తీసేసి కుష్ఠు పెట్టు. లండన్ తీసేసి కాకినాడ పెట్టు. ఆ పెట్టె మోసే మనిషి నీవాడవుతాడు. నీ పేరుతో పత్రికకి పంపొచ్చు. ఇలా ఎవరి నీడలోనో ఎందుకు రాయడం?

నేను: అలా మారిస్తే అది వేరే కథ అవుతుంది. మంచి కథే కావచ్చు. కానీ స్నేహితులు నవ్వుతూ పెట్టె చేతికిచ్చే సన్నివేశంలో నేను ఒక్క విషాదవాక్యం రాయలేదు. రాయక్కర్లేకపోయింది. ఆ ముగ్గురికీ ఏమవుతుందో చదివేవాడికి ముందే తెలుసు. వాళ్ళు ఎంత నవ్వితే వాడికి అంత గుండె కోత. కాకినాడ మనిషితో అది కుదరదు.

మావయ్య: అదే నేననేది. అవి అరువు కన్నీళ్ళు. ఆ ముగ్గురి మీద మమకారం పుట్టించడానికి ఆవిడ వేల పేజీలు చెమటోడ్చింది. నువ్వు తేరగా వచ్చి కోసుకుపోతున్నావు.

నేను: ఆ అరువు మనకి కొత్తా? రాయబారం సీనుకి జనం తెల్లవార్లూ కూర్చునేది కథ తెలియకనా? చిలకమర్తివారి గయోపాఖ్యానంలో కృష్ణుడూ అర్జునుడూ ఒకరి మీద ఒకరు యుద్ధానికి దిగుతారు. వ్యాసభారతంలో ఎక్కడుందది? మాయాబజార్ సినిమా శశిరేఖ ఎక్కడుంది? ఊర్మిళని వాల్మీకి పెళ్ళి చేసి పక్కన పెట్టేశాడు. మన ఆడవాళ్ళు ఆమెను పద్నాలుగేళ్ళు నిద్రపుచ్చి, లక్ష్మణుడు తిరిగొచ్చి పక్కన కూర్చుంటే ఎవరో పరాయి మగాడనుకుని ఆమె చీవాట్లు పెట్టినట్టు పాట కట్టుకున్నారు. రామాయణం తెలిసినవాళ్ళకే ఆ చీవాట్ల రుచి తెలుస్తుంది. ఫ్యాన్ ఫిక్షన్‌లో మేము చేసేది ఈ పనే.

మావయ్య: కాదు. ఊరి చెరువులో ఎవరైనా బిందె ముంచొచ్చు. పక్కింటి పెరటి బావిలో అడక్కుండా ముంచడం వేరు. రామాయణం చెరువు. వాల్మీకి వచ్చి నా ఊర్మిళని ఎందుకు తీసుకెళ్ళావని అడగడు. ఈ హ్యారీ పాటర్ రాసినావిడ బతికుంది. చంటిపిల్లని పెట్టుకుని, సర్కారు భృతి మీద బతుకుతూ ఎడిన్‌బరోలో మొదటి పుస్తకం రాసిందని నువ్వే చెప్పావు. ఆ బావి ఆవిడ తవ్వుకుంది.

(ఈ మాట దగ్గర నేను చాలాసార్లు ఆగాను. ఫ్యాన్ ఫిక్షన్ రాసేవాళ్ళు పురాణాల పోలిక తెచ్చేది ఎక్కువగా ఈ ప్రశ్నను దాటేయడానికే. దాటేయకూడదు.)

నేను: ఒప్పుకుంటాను. అందుకే అడగడం అనేది ఉంది. 2004లో రోలింగ్ తరఫు ఏజెంట్లు చెప్పారు: అభిమానులు కథలు రాసుకోవడం ఆవిడకి సంతోషమేనట. వ్యాపారం చేయకూడదు, పిల్లల చేతుల్లో పడేచోట బూతు ఉండకూడదు. ఆన్ రైస్ 2000లో తన పాత్రల జోలికి రావద్దని గట్టిగా చెప్పింది. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్‌కీ ఇది గిట్టదు. వద్దన్నవాళ్ళ పాత్రల మీద నేను ఒక్క వాక్యం రాయను. ఆన్ రైస్ నవల మీద రాయాలని చేతులు పీకాయి, మానుకున్నాను.

మావయ్య: అందరూ నీలాగే మానుకున్నారా?

నేను: లేదు.

మావయ్య: చూశావా? రాసినవాడికి ఎలా ఉంటుందో సెర్వాంటిస్‌ని అడగాలి. డాన్ క్విక్సోట్ మొదటి భాగం 1605లో వచ్చింది. రెండో భాగం ఆయన రాస్తూ ఉండగానే 1614లో అవెల్యనేదా అన్న దొంగపేరుతో ఎవడో తన రెండో భాగం అచ్చేసి వదిలాడు. అది చాలదన్నట్టు ముందుమాటలో ఆయన ముసలితనాన్నీ, యుద్ధంలో దెబ్బతిన్న చేతినీ వెక్కిరించాడు. పాత్రని తీసుకుని, కన్నవాడి చేతిని ఎగతాళి చేయడం! మరుసటి ఏడాది సెర్వాంటిస్ తన రెండో భాగం తెచ్చాడు. దొంగపుస్తకంలో హీరో సరగోసా వెళ్ళాడు కాబట్టి, అసలువాడు ఆ ఊళ్ళో అడుగుపెట్టనని బార్సిలోనాకి తిరిగిపోతాడు. చివర్లో హీరోని చంపేశాడు, ఇంకెవడూ ముట్టుకోకుండా. ఆ ఏడాది తిరిగేసరికి తనూ పోయాడు. నీ అభిమానులు ఒక రచయిత చేత తన బిడ్డని చంపించారు.

నేను: అవెల్యనేదా అభిమాని కాదు మావయ్యా, పగవాడు. అభిమాని రాసేది అమ్మడు, రచయితని వెక్కిరించడు. కానీ ఆ కథలో నువ్వు వదిలేసిన ముక్క ఒకటుంది. డాన్ ఆల్వారో తార్ఫే అన్నవాడు ఆ దొంగపుస్తకంలో పాత్ర. సెర్వాంటిస్ అతన్ని తన పుస్తకంలోకి పట్టుకొచ్చాడు. ఊరి అధికారి ముందు నిలబెట్టి, ఇంతకుముందు నేను చూసిన డాన్ క్విక్సోట్ ఈయన కాడు అని వాంగ్మూలం ఇప్పించాడు. తన పాత్రని ఎత్తుకుపోయినవాడి పాత్రని తను ఎత్తుకొచ్చాడు. ఆ పేజీ చదువుతుంటే సెర్వాంటిస్ కోపంలోనూ ఎంత హుషారుగా రాశాడో తెలుస్తుంది. రెండో భాగానికి ఆ పదును కొంత ఆ కోపం వల్లే వచ్చిందని నా నమ్మకం.

మావయ్య: దెబ్బ తిని బాగా రాశాడని దెబ్బ కొట్టినవాడికి దండ వేస్తామా? సరే, డబ్బు సంగతి ఎత్తావు. ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే మాటేమిటి? మొదట ట్విలైట్ నవలల మీద రాసిన ఫ్యాన్ ఫిక్షనేగా? పేర్లు మార్చి 2011లో అమ్మకానికి పెట్టారు. పది కోట్ల పైచిలుకు ప్రతులు పోయాయి.

నేను: నాకూ అది నచ్చలేదు. కారణం వేరు. ఆ కథ వారం వారం వస్తున్నప్పుడు ఊరికే చదివి, తప్పులు దిద్ది, ధైర్యం చెప్పినవాళ్ళు ఎంతోమంది. ఈ లోకంలో పాఠకులు ఇచ్చేది అదే, ఓపిక. దాన్ని సరుకు చేయడం నాకు మింగుడుపడదు. 1967లో స్టార్ ట్రెక్ అభిమానులు స్పోకనాలియా అని సైక్లోస్టైల్ పత్రిక తెచ్చినప్పటి నుంచీ ఇది ఎక్కువగా ఆడవాళ్ళు, తీరిక వేళల్లో, లాభం చూసుకోకుండా నడిపిన పని. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అని 2009లో మొదలైన భాండాగారం ఉంది. అభిమానులే నడుపుతారు, ప్రకటనలు ఉండవు, విరాళాల మీద బతుకుతుంది. అందులో ఇప్పుడు కోటికి పైగా రచనలున్నాయి. 2019లో దానికి హ్యూగో అవార్డు వచ్చింది.

మావయ్య: కోటి! అందులో చదవదగ్గవి ఎన్ని?

నేను: కొన్నే. చెత్త ఎక్కువ. తనకి తాను కిరీటం పెట్టుకుని, అందరి చేతా ప్రేమించబడి, చివర్లో అందంగా చచ్చిపోయే పదిహేనేళ్ళ పిల్ల కథలు బోలెడు. వాటిని వెక్కిరిస్తూ 1973లోనే పౌలా స్మిత్ అనే ఆవిడ మేరీ స్యూ అన్న పాత్రని పెట్టి ఒక చిట్టికథ రాసింది. అప్పటి నుంచి ఆ పేరు తిట్టయింది. ఆ తిట్టు నాకు ఇష్టం లేదు. పదిహేనేళ్ళ పిల్ల తనని తాను గొప్పగా ఊహించుకుని రాయడంలో తప్పేముంది? ఎక్కడో ఒకచోట మొదలవ్వాలిగా. నాకు నిజంగా బాధనిపించేవి, బతికున్న సినిమా నటుల్ని పాత్రలు చేసి పడగ్గది కథలు రాసేవి. వాళ్ళ పెళ్ళాం పిల్లలు చదువుతారన్న ఇంగితం కూడా ఉండదు. అలాంటివి నేను తెరవను.

మావయ్య: ఆ మాట అన్నావు, సంతోషం. మరి తెలుగులో ఏముంది?

నేను: వాట్‌ప్యాడ్‌లో బాహుబలి మీద కథలున్నాయి. మన పిల్లలే కొందరు ఇంగ్లీషులో, కొందరు ఇంగ్లీషూ తెలుగూ కలిపి రాస్తారు. మొదటి సినిమా 2015 జులైలో వచ్చింది, రెండోది 2017 ఏప్రిల్‌లో. ఆ మధ్య కాలమంతా కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని ఊరూరా ఎవరికి తోచిన కథ వాళ్ళు చెప్పారు. నువ్వూ చెప్పావు, శివగామి ఆజ్ఞ అయ్యుంటుందని.

మావయ్య: అరుగు మీద చెప్పాను. అచ్చెయ్యలేదు.

నేను: తేడా అదొక్కటే అయితే మనిద్దరం ఒకే పని చేశాం. ఇంకోటి, చందమామలో నీ కథ వచ్చిందని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. బేతాళ కథగా వేశారు కదా? పాత సంస్కృత కథలు ఇరవై అయిదే. 1947లో మొదలైన పత్రిక దశాబ్దాల పాటు నెలనెలా కొత్త బేతాళ కథలు ఎక్కడి నుంచి తెచ్చింది? నీలాంటివాళ్ళు రాస్తేనేగా.

మావయ్య: నేను రాసింది ఇద్దరు వర్తకుల కథ. విక్రమార్కుణ్ణీ శవాన్నీ వాళ్ళు తగిలించారు. చిత్రకారుడు శంకర్ బొమ్మతో చూసుకుంటే సంతోషం వేసిన మాట నిజమే. దాన్నిబట్టి నేను నీ జట్టని అనుకోకు.

(అనుకోలేదు. కానీ ఆయన ఆ సంచికను ఇప్పటికీ దాచుకున్నాడు, నాకు చూపించాడు కూడా.)

నేను: ఎర్రన మాటేమిటి? మీ ఊరి కవి నన్నయ అరణ్యపర్వం మధ్యలో, శరత్కాలపు రాత్రుల దగ్గర ఆగిపోయాడు. తిక్కన ఆ శేషాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. ఎర్రన వచ్చి సరిగ్గా ఆ రాత్రుల దగ్గర నిలబడి, శరత్కాలపు ఉదయంతో మొదలుపెట్టాడు. అతుకు కనపడకుండా కుట్టి, నన్నయ రాజుగారైన రాజరాజనరేంద్రుడికే అంకితం ఇచ్చాడు, ఆ రాజు పోయి ఎన్ని తరాలైనా. ఇంతకంటే గొప్ప అభిమాని ఎవరు? నేను ఎప్పుడైనా రాయడానికి కూర్చుంటే నా మనసులో ఉండేది ఆయనే.

మావయ్య: ఎర్రన్ని ఇందులోకి లాగకు. ఆయనకి నన్నయ శయ్య పట్టుబడింది. పదేళ్ళు పద్యం దిద్దుకున్నవాడు చేసిన పని అది.

నేను: మేమూ దిద్దుకుంటాం మావయ్యా, ఆ మాట నువ్వు నమ్మాలి. కథ బయటపెట్టేముందు ఇంకొకరికి ఇస్తాం, బీటా రీడర్ అంటారు. నా లూపిన్ కథ చదివింది వేరే దేశంలో ఉండే ఒక పెద్దావిడ. ఉద్యోగం ఇవ్వనన్నవాడి మీద లూపిన్ గొంతు పెంచినట్టు నేను రాశాను. ఆవిడ ఆ వాక్యం పక్కన రాసింది: ఇతనికి కోపం వస్తే మర్యాద ఎక్కువవుతుంది, మళ్ళీ మూడో పుస్తకం చదువు అని. చదివాను. నిజమే. ఏడో పుస్తకంలో ఒకే ఒక్కచోట ఓర్పు తెగి హ్యారీని గోడకి కొడతాడు. అన్నాళ్ళూ అణుచుకున్నాడు కాబట్టే ఆ దెబ్బ చదివేవాడికీ తగులుతుంది. నేను మాటలన్నీ మార్చాను. ఉద్యోగం లేదన్న మనిషికి లూపిన్ కృతజ్ఞతలు చెప్పి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళాడు. సొంత పాత్రయితే నన్ను ఆపేవాళ్ళెవరు? అరుస్తాడు అని నేను రాస్తే అరిచేవాడే. ఇక్కడ పుస్తకం ఒప్పుకోదు. ఆ ఒప్పుకోకపోవడం దగ్గరే నేను రాయడం నేర్చుకున్నాను.

మావయ్య: అది మంచి పాఠం. నా విద్యార్థులకి నేను చెప్పలేకపోయాను. అయినా నా అభ్యంతరం పోలేదు. నా సంగతి చెబుతాను విను. నీకు ఇంతవరకూ చెప్పలేదు. మీ తాతయ్య పోయిన మరుసటి ఏడాది ఒక కథ రాశాను. తండ్రి ఆసుపత్రి వరండాలో పోతాడు. మందు తేవడానికి ఊళ్ళోకి వెళ్ళిన కొడుకు వచ్చేసరికి అయిపోతుంది. ఆ కథ వచ్చాక ఒక పాఠకుడు నాలుగు అరఠావులు రాసి పంపాడు. అందులో కొడుకు వేళకి వచ్చేస్తాడు. తండ్రి లేచి కూర్చుంటాడు. ఇద్దరూ రిక్షాలో ఇంటికెళ్తారు. నాన్న చేత రిక్షావాడితో బేరం కూడా ఆడించాడు. ఆ కాగితాలు పట్టుకుని నేను పడ్డ బాధ ఎవరికీ చెప్పలేదు. అది నా ఇంట్లో జరిగిన చావు. బతికించడానికి వాడెవరు?

నేను: మావయ్యా, ఆయన అది నీకు పంపకూడదు. మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. రాసుకో, సాటి పాఠకులకి చూపించు, రచయిత చేతిలో మాత్రం పెట్టకు. అది ఇలాంటి బాధ కోసమే. ఇక ఆ కథ రకం చెబుతాను. దాన్ని ఫిక్స్-ఇట్ అంటారు. చచ్చినవాళ్ళని బతికించే కథలు. నేను అవి చాలా చదివాను. నాన్న పోయినప్పుడు నెలల తరబడి అవే చదివాను. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు, పుస్తకంలో చచ్చిపోయిన మనుషుల్ని రాత్రి భోజనానికి కూర్చోబెట్టి అన్నం పెడుతుంటే చదువుతూ ఉండేదాన్ని. పుస్తకంలో వాళ్ళు పోయారని తెలుసు, అది మారదనీ తెలుసు. అయినా కావాల్సి వచ్చింది. నీకు ఉత్తరం రాసినాయన కూడా ఎవర్నో పోగొట్టుకునే ఉంటాడు. నీ కథ ఆయనకి తగిలింది కాబట్టే నాలుగు అరఠావులు రాశాడు.

మావయ్య: ఉండొచ్చు. నాకు తగిలిన దెబ్బ తగిలిందే.

నేను: నీ కథల్లో ఒక్క పాత్రనీ నేనెప్పుడూ ముట్టుకోను.

మావయ్య: ముట్టుకోకు. మరి ఇప్పుడు గురజాడ కన్యాశుల్కం మీద పడ్డావట?

నేను: గురజాడ 1915లో పోయాడు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్ళకి హక్కు తీరిపోతుంది. నీ లెక్కలో ఇప్పుడది చెరువే. పైగా నాకంటే ముందు ముళ్ళపూడివారు గిరీశం చేత సినిమాల మీద లెక్చర్లు ఇప్పించారు, పురాణంవారు మధురవాణి చేత ఇంటర్వ్యూలు చేయించారు.

మావయ్య: వాళ్ళు నాటకాన్ని పొడిగించలేదు. పాత్రల గొంతు అరువు తెచ్చుకుని తమ కాలాన్ని చెండాడారు. నువ్వు అందులో బాలవితంతువు బుచ్చమ్మకి తరువాయి రాస్తానంటున్నావు. గురజాడ కావాలనే అక్కడ ఆపాడు. రాసింది ఒక్కటే రచన కాదు, రాయకుండా వదిలింది కూడా రచనే. నువ్వు పోయి దాన్ని పూడుస్తావా?

నేను: పూడ్చను. గురజాడ వదిలిన ఖాళీ అలాగే ఉంటుంది, నా కథ చదివినా చదవకపోయినా. కానీ ఆ ఖాళీ నన్ను వదలదు. నాటకమంతా తలా ఒకరు బుచ్చమ్మ మంచి కోసం మాట్లాడతారు. చివర్లో సౌజన్యారావు పంతులు ఆమెను పూనా విడోస్ హోమ్‌కి పంపిస్తానంటాడు. ఆఖరి మాట గిరీశానిది. బుచ్చమ్మ మాట మనకి వినపడదు. గిరీశం అబద్ధాలకోరని మనకి తెలుసు. ఆమె మాత్రం వాణ్ణి నమ్మి ఇల్లు దాటింది. పూనా వెళ్ళాక వాడి మీద బెంగపెట్టుకోదా? నా కథ ఆ బెంగ గురించి.

మావయ్య: గురజాడ వాడి నుంచి తప్పిస్తే, నువ్వు వాడి కోసం ఏడిపిస్తావా?

నేను: తప్పించింది మంచికే. ఆమెకి మాత్రం ఏడుపు రాదంటావా? నేను ఆమెను పెద్ద సంఘసంస్కర్తను చేయను, వేదికలెక్కించను. భాష రాని ఊళ్ళో, తెలుగు మాట వినపడక, మొదటి కొన్ని నెలలు ఆ పిల్ల ఎలా గడిపిందో అంతవరకే.

మావయ్య: అయితే ముందు ఏ సంవత్సరమో తేల్చుకో. నాటకం మొదట ఆడింది 1892లో. అప్పటికి పూనాలో ఉన్నది పండిత రమాబాయి శారదాసదనం. ఆ మరుసటి ఏడే క్రైస్తవంలో కలుపుతోందని గోలపెట్టి చాలామంది తమ పిల్లల్ని తీసుకుపోయారు. కర్వే వితంతు ఆశ్రమం 1896లో గాని మొదలవ్వలేదు. 1900లో ఊరవతల హింగణేకి మారింది. రమాబాయి దగ్గరికి పంపితే నీ బుచ్చమ్మ కథ ఒకటి, కర్వే దగ్గరికైతే ఇంకొకటి.

నేను: కర్వే అనుకున్నాను. మనం చదివేది 1909 కూర్పు కాబట్టి.

మావయ్య: 1897 కూర్పు కూడా పక్కన పెట్టుకుని చూడు. రెండింటికీ చాలా తేడా ఉంది. తన నాటకాన్ని తనే మళ్ళీ రాశాడు మహానుభావుడు. ఇంకో సంగతి. 1900లో హావ్‌లాక్ వంతెన తెరిచేదాకా ఇక్కడ గోదావరి మీద రైలు లేదు. అంతకుముందైతే బుచ్చమ్మ రాజమండ్రిలో దిగి, పడవ మీద కొవ్వూరు దాటాలి. ఆ ఒంటరి ఆడపిల్లకి తోడెవరు?

నేను: సౌజన్యారావు పంతులు మనిషిని ఒకణ్ణి పెట్టాను.

మావయ్య: మేనమామ ఏమయ్యాడు? కరటకశాస్త్రి బుచ్చమ్మ తల్లి వెంకమ్మకి తోడబుట్టినవాడు. ఆ పిల్ల అంత దూరం పోతుంటే రాడా?

నేను: ఆయన వేసిన ఎత్తులన్నీ బుచ్చమ్మ చెల్లెలు సుబ్బి పెళ్ళి తప్పించడానికే మావయ్యా. బుచ్చమ్మ కోసం పూనా బయల్దేరాడని రాస్తే నేను ఆయన మీద ఇష్టంతో రాసినట్టు ఉంటుంది. నాటకం ఆ మాట చెప్పదు.

మావయ్య: పూనా దాకా వెళ్ళాడని నేనూ అనను. నాటకం కంపెనీ వదిలి అన్నాళ్ళు ఉండలేడు. పడవ రేవు దాకా వస్తాడు.

నేను: రేవు దాకా కూడా రాడు. వస్తే ఆ పిల్ల ఏడుపు చూడాలి. అతను నవ్వించగలడు గానీ ఏడుపు పక్కన నిలబడగలడా?

మావయ్య: నిలబడలేడు, అందుకని రాకుండా ఉంటాడా? వచ్చి ఏదో హాస్యమాడబోతాడు, కుదరదు. నాటకం మళ్ళీ మొదటి నుంచి చదువు. వాడు రాడని నీకు ఎక్కడైనా కనిపిస్తే ఆ పేజీ తెచ్చి నాకు చూపించు. కనిపించకపోతే ఆ సన్నివేశం జోలికే పోకు.

నేను: వస్తాడని నీకు ఎక్కడ కనిపించిందో నువ్వూ చూపించాలి మరి.

మావయ్య: తే ఆ పుస్తకం.